గాలి బాగా వచ్చే గది

ముందుగానే చెప్పేస్తున్నాను: తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. ఆ పిల్లకి ఈపాటికి మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చి ఉంటాయి. ఈ సంగతి చివరిదాకా దాచి, మీ చేత గోళ్ళు కొరికించి, ఆఖరి వాక్యంలో బయటపెడితే కథ రక్తి కడుతుందని నాకూ తెలుసు. కానీ మనిషికి తెలియాల్సిన మాట దాచిపెడితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అలాంటప్పుడు అదే పని నేనే మీకు చేస్తే ఏం బాగుంటుంది? కాబట్టి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలూ, స్థిమితంగా కూర్చుని చదవండి.

నాది బాపట్ల. గుంటూరులో నర్సింగు పూర్తిచేసి, డెబ్బైల మొదట్లో తెనాలిలో ఓ ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో చేరాను. ఇరవై మంచాలు, ఒక డాక్టరమ్మ, ఒక హెడ్ సిస్టరు, నలుగురు నర్సులు, ఇద్దరు ఆయాలు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. ఆ స్థలంలో చీరల కొట్టు వెలిసింది. అప్పుడూ అక్కడ ఆడవాళ్ళ కేకలే, ఇప్పుడూ అవే.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. సూదిమందు వెయ్యడంలో నాకన్నా నేర్పరులు ఉన్నారు గానీ, నోటి విషయంలో నాకు పోటీ లేదు. ఎవరైనా వార్డులో శోకాలు మొదలుపెడితే హెడ్ సిస్టరు నన్నే పంపేది. "పోవే, పోయి నాలుగు వాగి రా" అనేది. వెళ్ళి వాగేదాన్ని. నవ్వేవాళ్ళు. అది వైద్యమనే నేను నమ్మేదాన్ని.

కాన్పు గదికి సగం తలుపు ఉండేది. పైన తల కనిపిస్తుంది, కింద కాళ్ళు కనిపిస్తాయి, మధ్యలో మనిషి కనపడదు. వరండాలో బల్ల మీద చుట్టాలు. కాన్పు జరిగేది లోపల మంచం మీద, కబురు చెప్పేది ఆ తలుపు దగ్గర. బిడ్డ ఎలా ఉంది, తల్లి ఎలా ఉంది, కొయ్యాలా అక్కర్లేదా, అన్నీ బల్ల మీదున్న పెద్దవాళ్ళకే చెప్పేవాళ్ళం. మంచం మీదున్న మనిషికి మాత్రం ఒకే మాట: "ఏం కాదు, ఊరుకో."

ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. మాయ పడేదాకా ఏ బిడ్డో తల్లికి చెప్పకూడదు. ఆడపిల్లని తెలిస్తే దిగులుతో మాయ లోపలే నిలిచిపోతుందని. ఏ పుస్తకంలోనూ లేదు, అయినా హెడ్ సిస్టరు దగ్గర్నుంచి ఆయా దాకా అందరం పాటించేవాళ్ళం. "ఏ బిడ్డండీ?" అని తల్లి అడిగితే నేను, "మనిషి బిడ్డేనమ్మా, తోక లేదు" అనేదాన్ని. ఆ జోకు మా వార్డులో బాగా నడిచింది. పడుకున్నవాళ్ళు తప్ప అందరూ నవ్వేవాళ్ళు.

ఇక ఆపరేషను కాగితం. ఇంగ్లీషులో అచ్చు వేసినది. కింద భర్త సంతకం. భర్త లేకపోతే మామగారిదో తండ్రిదో. ఒకసారి ఎవరూ దొరక్క, ఊరికే చూసి పోదామని పళ్ళు పట్టుకొచ్చిన మేనమామ చేత పెట్టించాం. ఆయన గబగబా పెట్టేసి, తెచ్చిన పళ్ళు ఇవ్వడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు. పొట్ట ఎవరిదో ఆ మనిషికి మాత్రం ఆ కాగితంలో చోటు లేదు. అది లోటని మాకెవరికీ తోచలేదు కూడా.

అలాంటి రోజుల్లో రేపల్లె అవతల ఓ పల్లెటూరి నుంచి, పొద్దుటి రైల్లో, ఒకావిడ వచ్చింది. వెంట అత్తగారు, భర్త. నెలలు నిండాయి. బిడ్డ కడుపులో అడ్డంగా ఉంది, ఇంకా తిరగొచ్చేమో చూద్దామని డాక్టరమ్మ చేర్చుకుంది. ఆ సంగతి తలుపు దగ్గర అత్తగారికి చెప్పింది. అత్తగారు తల ఊపింది. ఆవిడని మాత్రం మంచం మీద పడుకోమన్నాం.

ఆవిడ పడుకోలేదు. కూర్చుంది.

"నన్నెందుకు చేర్చుకున్నారండి?"

"కాన్పుకమ్మా," అన్నాను. "సినిమాకైతే టిక్కెట్టిచ్చేవాళ్ళం."

ఆవిడ నవ్వలేదు. "కాన్పుకి ఇంకా వారం పైనే ఉందన్నారు. ఏదో ఉంది. అదేంటో నాకు చెప్పండి. మా అత్తయ్యకి కాదు, నాకు. ఏం చేసినా ముందు నాకు చెప్పే చెయ్యండి."

హెడ్ సిస్టరు మందుల బీరువా దగ్గర్నుంచే, "ఇదేం పంచాయితీ బోర్డా తల్లీ, తీర్మానం చదివి వినిపించడానికి? పడుకో" అంది. వార్డంతా నవ్వింది. నేనే కాస్త ఎక్కువ నవ్వాను.

మర్నాడు మా పెద్ద ఆయా నన్ను పక్కకి పిలిచింది. తెనాలిలో పుట్టి పెరిగిన ముసల్మాను ఆవిడ. నేను పుట్టకముందు నుంచే కాన్పులు చూసిన మనిషి. డాక్టరమ్మ కూడా ఆవిడని "అమ్మా" అనే పిలిచేది. రోగులకి తల దువ్వుతూ వాళ్ళ కష్టాలు వినేది. మేము ఎంత రాసినా కేసు షీటులోకి ఎక్కనివి ఆవిడ దువ్వెనకి ఎక్కేవి.

"ఆ రేపల్లె పిల్లతో వేళాకోళాలు వద్దు బేటీ," అంది.

"ఏం, కరుస్తుందా?"

"దానికి తల్లి లేదు. తొలి కాన్పూ అత్తగారింట్లోనే. మగబిడ్డ. పుట్టి గంట కూడా ఉండలేదంట. బాలింతకి చెప్పకూడదని చెప్పలా. పక్కింట్లో పాలున్నావిడ దగ్గర ఉంచాం, నీకు పాలు పడ్డాక తెస్తాం అన్నారంట. మూడ్రోజులు! పాలు పడ్డాయి. రైక తడిసిపోయి, తీసుకురండి తీసుకురండి అంటుంటే, గుడ్డలు ఉతికే ఆవిడ వచ్చి, పోయినోడి కోసం ఎందుకమ్మా ఏడుపు అందంట. ఆవిడ, పాపం, దీనికి తెలుసనుకుంది."

నాకు జోకేమీ తోచలేదు. అలా జరగడం అరుదు కాబట్టి గుర్తుంది.

"ఎవరు చెప్పారంట ఆ పక్కింటి మాట?"

"ఎవరేంటి, ఆ బల్ల మీద కూర్చున్న ముసలమ్మే," అని ఆయా వరండా వైపు గడ్డం చూపించింది. అత్తగారు అక్కడ కోడలి కోసం బత్తాయిలు ఒలిచి, గింజలు తీసి, గిన్నెలో పెడుతోంది. ఒక్క గింజ కూడా మిగలకుండా.

ఇదంతా విన్నదాన్ని కదా. మరో రెండు రోజులకి నేనేం చేశానో చూడండి.

పొద్దున్న ఉప్మా పెట్టే వేళ ఆవిడకి ఉమ్మనీరు పోయింది. డాక్టరమ్మ వచ్చి చూసింది. బిడ్డ ఇంకా అడ్డంగానే ఉంది, గుండె చప్పుడు నెమ్మదిస్తోంది. కొయ్యాల్సిందే. మత్తుమందు ఇచ్చే డాక్టరు కోసం రిక్షా పంపింది. నేను తలుపు దగ్గరికి కాగితం పట్టుకెళ్ళాను. భర్త మెడలో తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాడు. అత్తగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. మా లెక్కలో అంతా సవ్యంగా జరిగింది. అందరూ ఒప్పుకున్నారు.

"ఆ పిల్లని నువ్వు తీసుకురా," అంది హెడ్ సిస్టరు. "గొడవ చెయ్యకుండా, ఏదో ఒకటి చెప్పి."

వెళ్ళాను. నొప్పి వచ్చి తగ్గినట్టుంది, ఆవిడ మొహం నిండా చెమట. నన్ను చూడగానే, "ఏంటండి? ఏం చేస్తున్నారు?" అంది.

నేను నా మామూలు నవ్వొకటి నవ్వి, "ఏం లేదక్కా. ఇక్కడ ఉక్కగా ఉంది కదా, ఆ చివరి గదిలో గాలి బాగా వస్తుంది. అక్కడికి మారుద్దామని," అన్నాను.

ఆవిడ నా వెనక్కి చూసింది. నేనూ చూశాను. మా చిన్న ఆయా బేసినూ, సబ్బూ, మంగలి కత్తీ పట్టుకుని నిలబడి ఉంది. ఆపరేషనుకి ముందు పొట్ట మీద వెంట్రుకలు తీయాలి కదా, ఆ పిల్ల తన పని తాను టైముకే చేసింది.

"గాలి కోసం గొరుగుతారా?" అంది ఆవిడ.

చిన్న ఆయా కిసుక్కున నవ్వింది. ఎదురు మంచం మీద చేబ్రోలు బాలింత కూడా నవ్వింది. నా జీవితంలో నా మీద పడ్డ జోకుల్లో అంత మంచిది మళ్ళీ పడలేదు. కాకపోతే వేసిన మనిషి నవ్వడం లేదు. రెండు చేతులతో మంచం తలవైపు ఊచలు పట్టుకుంది. ఇక అంతే. చెయ్యి వెయ్యనివ్వదు, బిడ్డ గుండె చప్పుడు విననివ్వదు. లాగబోతే మంచం కూడా కదిలింది గానీ వేళ్ళు ఊడలేదు.

డాక్టరమ్మ వచ్చింది. మంచి మనిషి, చేతులు బంగారం, నోరు మాత్రం ఇనుము.

"ఏంటమ్మా ఇది? బిడ్డ చచ్చిపోతుంది, తెలుసా?"

"తెలీదండి," అంది ఆవిడ. "ఎవరూ చెప్పలేదు కదా."

డాక్టరమ్మ గిరుక్కున నావైపు తిరిగింది.

"ఏం చెప్పావు దీనికి?"

"గాలి..." అన్నాను.

"గాలి!" అంది. "నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగుచెయ్యి. మత్తు డాక్టరు వచ్చేలోగా. నేను చేతులు కడుక్కుంటున్నా."

అమ్మాయిలూ, ఆ నిమిషంలో నా పరిస్థితి ఏమిటంటే, నాకు నిజం చెప్పడం రాదు. సూదిమందు నేర్పారు, పక్క వెయ్యడం నేర్పారు, మూలలు మడతపెట్టడం పరీక్ష పెట్టి మరీ నేర్పారు. మనిషి మొహం చూస్తూ ఉన్నమాట చెప్పడం ఎవరూ నేర్పలేదు. నిలబడే ఉన్నాను. పెద్ద ఆయా ఓ స్టూలు తెచ్చి నా మోకాళ్ళ వెనక్కి తోసింది. కూలబడ్డాను. రోగి ముందు నర్సు కూర్చోకూడదని మాకు రూలు. కానీ కూర్చున్నాక తెలిసింది, ఆవిడ మొహమూ నా మొహమూ ఒకే ఎత్తుకి రావడం అదే మొదటిసారని.

"అక్కా, గాలీ లేదు ఏమీ లేదు. అది ఆపరేషను గది," అన్నాను. "బిడ్డ అడ్డంగా ఉంది. మీరు వచ్చిన రోజు నుంచీ అడ్డంగానే ఉంది. అలా అయితే బయటికి రాలేదు. పొట్ట కోసి తియ్యాలి."

ఆవిడ ఊచలు వదల్లేదు గానీ మొహం తిప్పింది. "కోస్తే బతుకుతుందా?"

నోటిదాకా "ఏం కాదు" వచ్చింది. మింగాను.

"తెలీదు. గుండె చప్పుడు తగ్గుతోంది. కొయ్యకపోతే మాత్రం బతకదు. మీకూ ప్రమాదమే."

"ఎక్కడ కోస్తారు?"

నా ఏప్రాను మీద వేలితో గీసి చూపించాను.

"నాకు తెలుస్తుందా?"

"తెలీదు. మత్తిస్తారు. లేచేసరికి మధ్యాహ్నం అవుతుంది."

అక్కడ నొప్పి వచ్చింది. ఆవిడ పళ్ళు బిగించి, అది పోయేదాకా ఆగింది. నేనూ ఆగాను. వరండా ముందు రిక్షా బెల్లు మోగింది. మత్తు డాక్టరు దిగినట్టున్నాడు.

"లేచాక నాకు ఎవరు చెప్తారు?"

"నేను."

"మీరు ఇందాక గాలన్నారు."

"అన్నాను. తప్పు." రోగికి తప్పు అని చెప్పడం అదే మొదలు. ప్రాణమేమీ పోలేదు.

"ఒట్టెయ్యి," అంది. అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు'లోకి దిగింది.

"మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మెవరో నేనెరగను. నేను చూసినదాని మీద వెయ్యి. ఆ టోపీ మీద వెయ్యి."

నెత్తి మీద గంజి పెట్టిన టోపీ మీద చెయ్యి పెట్టి, "లేచీ లేవగానే, ఉన్నదున్నట్టు, నేనే చెప్తాను," అన్నాను. దండం పెడుతున్నట్టుందో, నెత్తి గోక్కుంటున్నట్టుందో నాకు తెలియదు. పెద్ద ఆయా మాత్రం "ఆమీన్" అంది.

ఆవిడ ఊచలు వదిలింది. వేళ్ళ మీద ఇనుప తుప్పు అంటుకుని ఉంది.

"ఆ కాగితం ఏది? ఏముంది అందులో?"

తెచ్చి, తెలుగులో చెప్పాను. "నా పేరేది?" అంది. చూపించాను, ఫలానా వారి భార్య అని రాసిన చోట. ఆవిడ కాసేపు చూసి, "కలం ఇవ్వు" అంది. చోటు లేకపోవడంతో మార్జినులో సంతకం పెట్టింది, ఏడో తరగతి దాకా చదివిన గుండ్రటి అక్షరాలతో. ఆఖరి అక్షరం దగ్గర మళ్ళీ నొప్పి రావడంతో కలం కాగితం దిగి నా ఏప్రాను దాకా వచ్చింది. చరిత్రాత్మకమైన సంతకం అని మీరు అనుకోవచ్చు. హెడ్ సిస్టరు మాత్రం, "ఏప్రాను పాడుచేశావు" అంది.

మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. అంతకుముందు ఊచలతో కుస్తీకి అంతకన్నా ఎక్కువే పట్టింది.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. పెద్ద ఆయా వీపు రుద్దింది, డాక్టరమ్మ నోట్లో నీరు తీసింది, చివరికి పాప పిల్లి కూనలాగా ఒక్క శబ్దం చేసింది. చిన్న పిల్ల, గోళ్ళు నీలంగా. దూదిలో చుట్టి, చుట్టూ వేడినీళ్ళ సీసాలు పెట్టాం. అప్పట్లో మా దగ్గరున్న యంత్రాలన్నీ అవే. "ఇవాళా రేపూ గడిస్తే చెప్పగలం," అంది డాక్టరమ్మ.

తలుపు దగ్గర అత్తగారికి ఆ మాటే చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"దానికి ఇప్పుడే చెప్పకమ్మా. నీకు పుణ్యముంటది."

"చెప్తానని ఒట్టేశానండి, పెద్దమ్మా."

"పచ్చి ఒళ్ళు. రేపేదన్నా అయితే? ఉందని చెప్పి, మళ్ళీ లేదని చెప్తావా? పోయినసారి నేనే అబద్ధం చెప్పా. తట్టుకోలేదని చెప్పా. ఆ మూడ్రోజులూ నేను అన్నం తిన్నానా? అదడిగినప్పుడల్లా పక్కింటి వైపు చూసి, పడుకున్నాడే అని చెప్పి, పెరట్లోకి పోయి ఏడ్చొచ్చేదాన్ని." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "అప్పట్నుంచీ అది నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క మాట నమ్మనూ లేదు. కూరలో ఉప్పేశానే అంటే రుచి చూసుకుని గానీ తినదు."

హెడ్ సిస్టరు వెనకనుంచి వచ్చింది. "రేపు రౌండ్స్‌లో డాక్టరుగారు చెప్తారు. నువ్వు రెండింటికి డ్యూటీ దిగి, బాపట్ల బస్సెక్కు."

నిజమే. మర్నాడు నాకు సెలవు. ఇంటి దగ్గర మా అమ్మ చేపల పులుసు పెట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. రెండయింది. డ్యూటీ దిగాను. హెడ్ సిస్టరు చూస్తుండగా గేటు దాకా వెళ్ళి, టిఫిన్ డబ్బా మర్చిపోయానని వెనక్కొచ్చి, ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ధైర్యమనుకోకండి. మాట తప్పి బస్సెక్కితే, బాపట్ల దాకా ఆ ఊచలు పట్టుకున్న వేళ్ళే కళ్ళ ముందు ఆడతాయని తెలుసు. పులుసు అరగదు.

హెడ్ సిస్టరు రెండుసార్లు వచ్చి చూసింది. మూడోసారి వచ్చినప్పుడు ఏమీ అనకుండా ఒక కప్పు టీ పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ నాతో రాజీ పడ్డ తీరు అది.

నాలుగు దాటాక మంచం మీద ఆవిడ కళ్ళు తెరిచింది. కాసేపు పైకప్పు వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. కనురెప్ప వెయ్యకుండా చూసింది, అంతే.

"ఆడపిల్ల," అన్నాను. "బతికే ఉంది. చాలా చిన్నది. పుట్టగానే ఏడవలేదు, తర్వాత ఏడ్చింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి, ఇందాకటి మీద తగ్గింది. ఇవాళా రేపూ గడవాలన్నారు. నాకు తెలిసింది ఇంతే. ఇంకేం దాచలేదు."

"ఎక్కడుంది?"

వెయ్యి కాన్పుల్లో వెయ్యిమంది తల్లులు అడిగే ప్రశ్నే. ఆవిడ మాత్రం పోయినసారి మూడ్రోజులు ఇదే అడిగింది. "పక్క గదిలో," అని, ఇక నోటితో చెప్పి లాభం లేదని లేచాను. వేడి నుంచి బిడ్డని తియ్యకూడదు. పెద్ద ఆయా, "ఓ ఊపిరి సేపు" అని, సీసాలతో సహా గుండెలకి పొదువుకుని తెచ్చింది. దూది కాస్త తీసి మొహం చూపించింది. పాప ఆవులించింది. ఆవిడ ఒక వేలు చాచి, పాప బుగ్గకి తాకించి, వెంటనే తీసేసుకుంది. కాలినట్టు.

పాపని తీసుకెళ్ళాక ఆవిడ అంది: "మా అత్తయ్యని పిలు. నేను చెప్తాను."

"ఆవిడకి తెలుసక్కా. పొద్దున్నే..."

"తెలిస్తే తెలిసింది. నేను చెప్పాలి."

అత్తగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. మంచం దగ్గర నిలబడింది. కోడలు నేను చెప్పిన మాటలే, ఒక్కటీ తప్పకుండా, నెమ్మదిగా చెప్పింది. ఆడపిల్ల, చిన్నది, ఏడవలేదు, ఏడ్చింది, నీలం గోళ్ళు, ఇవాళా రేపూ. పొద్దుట్నుంచీ ఈ కబురే మోస్తూ తిరిగిన ముసలమ్మ, ప్రతి మాటకీ "ఆఁ" అంటూ, మొదటిసారి వింటున్నట్టే విన్నది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నువ్వెళ్ళి చూసి రా," అంది కోడలు. "చూసొచ్చి ఎలా ఉందో నాకు చెప్పు. నేను లేవలేను కదా. నువ్వు చెప్తే వింటా."

ముసలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తీసింది. పక్క గదిలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చి మంచం కోడు పట్టుకుని, పంచాయితీలో సాక్ష్యం చెప్తున్నట్టు నిటారుగా నిలబడింది.

"కాళ్ళు చల్లగున్నాయి," అంది. "చేతులు పర్లేదు, వెచ్చగున్నాయి. ఊపిరి పీలుస్తంది, లెక్కపెట్టా. ఏడుపు లేదు, నిద్రలో ఉంది. జుట్టు బాగానే ఉంది." వరండాలో ఉన్న కొడుకు వైపు ఓసారి చూసింది. "ముక్కు మాత్రం మావాడిదే అమ్మా. అంత లావూ. దాచి లాభం లేదు."

కోడలు పొట్ట మీద కుట్లు రెండు చేతులతో పట్టుకుని, నొప్పికి ఏడుస్తూ, నవ్వడం మొదలుపెట్టింది.